పండు ఈగ మందునకు లొంగకపోవుటకు కారణములు – నివారణోపాయములు

తీగకూరలును మామిడియు సాగుచేయు పట్టేదారుల ఉపయోగార్థము

కాకర, బీర, సొర, పొట్ల, దోస మొదలగు తీగకూరలను పండించు రైతులు తఱచుగా చెప్పుకొను కష్టమొకటి కలదు. "మొదటి యేట ఈ మందు చల్లగా ఈగ చచ్చినది. రెండవ యేట మోతాదు కొంత పెంచవలసి వచ్చినది. మూడవ యేట వారమునకు రెండుమార్లు చల్లినను కాయ కుళ్లుట మానలేదు. అంగడివాడు కల్తీమందు అంటగట్టినాడు" అని వారందురు. కల్తీ యుండిన నుండవచ్చును. కాని మందు మేలైనదైనను, కొలత సరియైనదైనను, ఈగ చావని సందర్భములు కలవు. ఆ సంగతి తెలియక మోతాదు పెంచుచు పోవు రైతు తన సొమ్ముతో తన శత్రువునే బలపఱచుచున్నాడు. ఇది యెట్లు సంభవించునో, దీనికి ప్రతిక్రియ యేమియో ఈ కరపత్రమున వివరింపబడుచున్నది.

ఈగ జీవితక్రమము

ఈగ ఎప్పుడు, ఎక్కడ మనకు చిక్కునో ముందుగా తెలిసికొనవలెను. తీగకూరలను పాడుచేయు ఈగ ఇంచుమించు ఇంటి ఈగ యంతయే యుండును. దాని ఒడలు ఎఱుపు కలసిన గోధుమవన్నె. వీపుపై పసుపుపచ్చని చారలును, ఱెక్కలపై గోధుమవన్నె మచ్చలును ఉండును. ఆడు ఈగ తన తోకచివర గల సూదివంటి అవయవముతో లేతపిందె తోలును గ్రుచ్చి లోపల గ్రుడ్లు పెట్టును. ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పగిలి తెల్లని పురుగులు పుట్టి కండను తినును. గాటుపడిన చోట బంక కారును. పిందె వంకరపోయి, పసుపెక్కి, రాలిపోవును లేదా కుళ్లును. సుమారొక వారమునకు పురుగు కాయను విడిచి నేలకు చేరి, మట్టిలో కొద్ది అంగుళముల లోతున గింజవంటి గూడుగా మాఱును. మఱియొక వారము పది దినములకు అందుండి ఈగ వెలువడును. ఆడు ఈగ మఱి పది దినములు ఆహారము తిని బలిసిన పిమ్మటనే గ్రుడ్లు పెట్టనారంభించును. వేడిగాలి దినములలో ఒక తరము తిరుగుటకు సుమారొక మాసము చాలును. సంవత్సరమునకు 8 మొదలు 10 తరములు నడచును.

ఇందుండి గ్రహింపవలసిన విషయములు రెండు. మొదటిది: గ్రుడ్డును పురుగును కాయలోపలను, గూడు మట్టిలోను ఉండుటచే పైన చల్లిన మందు వానికి తగులదు. ఎగురుచున్న ఈగ మాత్రమే మందునకు చిక్కును. కావున రైతు మాటిమాటికి చల్లవలసి వచ్చుచున్నది. రెండవది: తరములు వేగముగా తిరుగుటచే, మందును తట్టుకొను గుణము ఏదేని ఈగలయందున్నచో అది స్వల్పకాలములోనే పొలమంతయు వ్యాపింపగలదు.

నిరోధశక్తి యన నేమి?

"ఈగ మందునకు అలవాటు పడినది" అని లోకమున వాడుక కలదు. ఈ మాట సరియైనది కాదు. నల్లమందు తినువాడు దినదినము కొంచెము పెంచుకొనుచు అలవాటు పడును. ఈగకు అట్టి అవకాశము లేదు. మందు తగిలినంతనే అది చచ్చును, లేదా బ్రదుకును. బ్రదికినది పుట్టుకతోనే ఆ గుణము కలది. తండ్రిపేరిట నున్న పట్టా కుమారునకు సంక్రమించునట్లే ఆ గుణము దాని సంతానమునకు సంక్రమించును. మందు కొత్తగా గుణము నేమియు కల్పింపదు. ఆ పట్టా లేనివారిని పొలమునుండి వెడలగొట్టి, ఉన్నవారికి పొలమంతయు అప్పగించుటయే అది చేయు పని.

దీనిని లెక్కతో చూపెదము. ఇది ఉదాహరణార్థము వేసిన లెక్కయే గాని ఒక పొలమున ఎంచినది కాదు. ఒక తోటలో 10,000 ఈగలున్నవనుకొందము. వానిలో 10 మాత్రమే మందును తట్టుకొనునవి. మందు తక్కినవానిలో నూటికి 95 చంపుననియు, మిగిలినవి యొక తరములో ఇరువదింతలగుననియు తలంపుడు.

మొదటిసారి చల్లిన పిమ్మట మామూలు ఈగలు సుమారు 500, తట్టుకొనునవి 10 మిగులును. తరము తిరుగగా అవి 10,000, 200 అగును.

రెండవసారి చల్లిన పిమ్మట 500, 200 మిగులును. తరము తిరుగగా 10,000, 4,000 అగును.

మూడవసారి చల్లిన పిమ్మట 500, 4,000 మిగులును.

మొదటిసారి 510 ఈగలును, రెండవసారి 700 ఈగలును మాత్రమే మిగిలినవి గావున రైతు "మందు బాగుగనే పనిచేసినది" అని సంతసించును. మూడవసారి ఒక్కుమ్మడిగ 4,500 మిగులును. వానిలో తొమ్మిదింట ఎనిమిది తట్టుకొనునవే. కీడు ఆ దినమున పుట్టినది కాదు. మొదటి చల్లుటతోనే పుట్టి, కట్టని శిస్తు బకాయివలె కానరాక పెరుగుచు వచ్చినది. నిజమైన పొలమున ఇది ఇంత త్వరగా జరుగదు. ఏలయన, మందు తగులని చుట్టుప్రక్కల చోట్లనుండి మామూలు ఈగలు వచ్చి వీనితో కలియుటచే ఆ గుణము పలుచనగుచుండును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. నివారణలో దీని అక్కఱ కలుగును.

ఈగ శరీరమున గల భేదమేమి?

మాలాథియాన్, డైమిథోయేటు వంటి మందులు నరములపై పనిచేయును. నరములలో వార్త నడిపించు పదార్థమును పని ముగిసినంతనే తుడిచివేయు ఎంజైము ఒకటి కలదు. ఈ మందులు ఆ ఎంజైమును పట్టుకొని కట్టివేయును. నరములు ఆగక అదరుచుండి ఈగ చచ్చును. తట్టుకొను ఈగలలో ఆ ఎంజైము ఆకారమున స్వల్పమైన మార్పుండును. తాళములోపలి మీట కొంచెము మాఱిన పాత తాళపుచెవి తిరుగనట్లు, మందు దానిని పట్టుకొనజాలదు. మఱికొన్ని ఈగలయందు మందు నరమును చేరకముందే దానిని విఱిచివేయు శక్తి అధికముగ నుండును. రెండు విధములును ఒకే ఈగయందుండుటయు కలదు.

ఇతర దేశముల అనుభవము

ఈ విషయము క్రొత్తది కాదు. 1914లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున మెలాండర్ అను శాస్త్రజ్ఞుడు, పండ్లచెట్లను పట్టు పొలుసుపురుగు గంధకము సున్నము కలిపిన మందునకు చావకుండుటను గమనించి ప్రకటించెను. పండు ఈగల విషయమున ఈ కీడు మఱి చాలకాలమునకు బయలుపడెను.

గ్రీసు దేశమున ఆలివు కాయలను పాడుచేయు ఈగపై అనేక సంవత్సరములు డైమిథోయేటు మొదలగు ఒకే జాతి మందులను చల్లిరి. 2002లో పరిశోధకులు ఆ ఈగ ఎంజైమునందు రెండు చోట్ల మార్పులున్నట్లు కనుగొనిరి. తరువాత తైవాన్ ద్వీపమున, మామిడిని పట్టు వేఱొక జాతి ఈగయందు సరిగా ఆ రెండు చోట్లనే మార్పులును, వానితోపాటు మూడవ మార్పును కనబడెను. దేశములు వేఱు, ఈగలు వేఱు, పైరులు వేఱు. కాని ఒకే జాతి మందును విడువక చల్లిన చోట ఫలితము ఒకటే.

స్పెయిన్ దేశమున నారింజతోటల ఈగ మాలాథియానునకు లొంగకపోవుట 2007లో ప్రకటింపబడెను. 2009లో అచ్చట ఆ మందు మాన్పింపబడగా, రైతులు లాంబ్డా సైహలోత్రిన్, స్పినోసాడ్ అను మందులకు మరలిరి. కొలది సంవత్సరములలో లాంబ్డా సైహలోత్రినునకును లొంగని ఈగలు తోటలలో కానవచ్చెను. మందు మార్చిన మాత్రమున కష్టము తీరదనియు, మార్చినదానినే మరల విడువక చల్లిన పూర్వకథయే నడచుననియు దీనివలన తెలియుచున్నది.

మన రైతులకు మిక్కిలి ఉపయోగించు పాఠము హవాయి ద్వీపములది. అచ్చటి తీగకూరల ఈగ మన తీగకూరల ఈగయే. 1895 ప్రాంతమున ఆసియా ఖండమునుండి ఆ ద్వీపములకు చేరినది. దానిని అణచుటకు 1916లో హిందూదేశమునుండి, ఈగ పురుగులో గ్రుడ్లు పెట్టి దానిని చంపు చిన్న కందిరీగను కొనిపోయి అచ్చట వదలిరి. 2000 సంవత్సర ప్రాంతమున అచ్చటి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు రైతులందఱను కూర్చుకొని, రాలిన కాయలను తొలగించుట, ఎర చల్లుట, మగ ఈగలకు బోనులు కట్టుట, కందిరీగలను కాపాడుట అను పనులన్నియు ఒక్కటిగా చేయించిరి. పాత మందుల వాడుక తగ్గెను, పంటలు నిలిచెను. ఆ ఎరలోని మందు స్పినోసాడ్. ఇది నేలలోని సూక్ష్మజీవినుండి తీయబడినది. ఎరలో నూటికి 0.02 వంతు మాత్రమే యుండును. ఇంత సాధువైన మందు గదా యని కొన్ని తోటలవారు దానినే విడువక చల్లిరి. ఆ ద్వీపములలోని కొన్ని తోటల ఈగలు స్పినోసాడునకు లొంగుట లేదని 2021లో ప్రకటింపబడినది. మందు ప్రకృతిసిద్ధమైనదైనను, రసాయనశాలలో చేసినదైనను ఈ నియమమునకు లోబడినదే.

మన ప్రాంతపు అనుభవము

ఇట్టి కీడు తెలుగు రైతులకు తెలియనిది కాదు. 1987-88 ఫసలున కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలలో శనగపచ్చపురుగు సైపర్‌మెత్రిన్, ఫెన్‌వాలరేటు మందులను లెక్కసేయక కాయలను తినివేసెను. రైతులు అప్పులు తెచ్చి మరల మరల చల్లిరి. పంటయు పోయెను, అప్పును మిగిలెను. కొందఱు ప్రాణములే తీసికొనిరి. అది పండు ఈగ కాదు గాని కారణము ఒక్కటే. ఆ పాఠమును ప్రత్తిచేనులోనే విడిచి తీగపందిరి క్రింద మరల నేర్చుకొనుట వివేకము కాదు.

పండు ఈగ వలని నష్టము పొలముతో ఆగదు. కాయలలో ఈగ పురుగు కనబడుటచే 2014 మే మాసమున ఐరోపా సమాజమువారు మన దేశపు మామిడి, కాకర, పొట్ల మొదలగువాని దిగుమతిని ఆపిరి. మామిడిపై నిషేధము 2015లో తొలగినది. మోతాదు పెంచి ఈగను చంపజూచిన కాయలో మందు మిగులును. మానిన పురుగు మిగులును. ఏది మిగిలినను సరకు తిరిగి వచ్చును.

మందు పనిచేయనప్పుడు ముందుగా విచారింపవలసినవి

చావని ప్రతి ఈగయు నిరోధశక్తి కలది యని తలపరాదు. ఈ క్రింది ప్రశ్నలు వేసికొనవలెను.

1. చల్లిన కొలది గడియలలో వాన కురిసినదా?

2. మందు గడువు దాటినదా? ఎండ తగులు చోట నిలువయున్నదా?

3. కాయలలో ముందే పురుగులున్నవా? ఉన్నచో చల్లిన పిమ్మటను ఆ కాయలు కుళ్లును. అది మందు దోషము కాదు.

4. ప్రక్క చేనిలో రాలినకాయలు కుప్పగా పడియున్నవా? ఉన్నచో దినదినము అచ్చటినుండి క్రొత్త ఈగలు వచ్చుచుండును.

5. ఒకే జాతి మందును ఈ తోటలో ఎన్ని మాసములనుండి వాడుచున్నారు?

మొదటి నాలుగు ప్రశ్నలకు "లేదు" అనియు, అయిదవదానికి "చాలకాలమునుండి" అనియు సమాధానము వచ్చిన నిరోధశక్తి నిజముగనే యున్నదని అనుమానింపవలెను. అప్పుడు ఆ మందును తక్షణమే ఆపి, పుచ్చిన కాయలను సంచిలో వ్యవసాయోద్యోగికి అందజేసి, వానినుండి వెలువడు ఈగలను పరీక్షింపుమని కోరవలెను.

చేయవలసిన పనులు

1. రాలిన కాయలు, పుచ్చిన పిందెలు: వారమునకు రెండుమార్లు ఏరి, మూరెడు లోతు గోతిలో పూడ్చి మట్టి బాగుగా అణచవలెను. ఆ లోతునుండి ఈగ పైకి రాజాలదు. గట్టుమీద పాఱవేయుటయు, పేడదిబ్బలో కలుపుటయు, కాలువలో వేయుటయు తగదు. గొయ్యి త్రవ్వ వీలులేనిచో మందమైన సంచిలో మూతి బిగగట్టి ఎండలో పెట్టవలెను. హవాయిలో ఇట్టి కాయలను సన్నవల గుడారములో వేయుదురు. ఈగ వలలో చిక్కుకొనును, దానికంటె చిన్నదైన కందిరీగ మాత్రము కన్నములగుండ బయటపడి చేనికి పోవును. ఈ యొక్క పనికి మించిన మందు లేదు. పూడ్చబడిన పురుగునకు నిరోధశక్తి యుండినను లేకుండినను సమానమే.

2. నేల: పాదుల నడుమ మట్టిని అప్పుడప్పుడు గుల్లచేసిన గూళ్లు పైకివచ్చి ఎండకును పక్షులకును ఆహుతియగును. ఫసలు ముగియగనే పాత తీగలను నిలువయుంచరాదు.

3. సంచి తొడుగుట: కాకర, పొట్ల వంటి విలువగల కాయలకు పిందె కట్టిన రెండు మూడు దినములలో కాగితపు సంచి తొడిగిన ఈగ గ్రుచ్చజాలదు. పెరటిసాగునకును కొలది విస్తీర్ణము గల పందిళ్లకును ఇది మిక్కిలి తగినది.

4. గట్టున ఎర: ఈగ దినమంతయు తీగపై నుండదు. నీడకొఱకు చుట్టునున్న జొన్న, మొక్కజొన్న, ఆముదపు మొక్కలపై వాలి, గ్రుడ్లు పెట్టుటకు మాత్రము తోటలోనికి వచ్చును. 1950 తరువాతి సంవత్సరములలో హవాయి శాస్త్రజ్ఞులు దీనిని గమనించిరి. కావున చేనిచుట్టు రెండు మూడు వరుసలు మొక్కజొన్న వేసి, బెల్లము లేదా మాంసకృత్తుల ఎరలో మందు కలిపి ఆ వరుసలపై చుక్కలు చుక్కలుగా చల్లిన చాలును. తీగలనన్నిటిని తడుపనక్కఱలేదు. దీనివలన ఖర్చు తగ్గును. కాయపై మందు పడదు. పూలను ఫలింపజేయు తేనెటీగలు బ్రదుకును. కాకర, దోస పూలు ఉదయమును, బీర, సొర పూలు సాయంకాలమును విచ్చును. తేనెటీగలు చచ్చిన చోట ఈగ లేకున్నను పిందె నిలువదు.

5. బోనులు: తీగకూరల మగ ఈగకు క్యూలూర్, మామిడి మగ ఈగకు మిథైల్ యూజినాల్ అను వాసనపదార్థములు ఎర. మామిడి ఎరను కాకరతోటలో కట్టిన ఫలము లేదు. కొనునప్పుడు పేరు చూచుకొనవలెను. మిథైల్ యూజినాల్ సంగతి మన దేశముననే బయలుపడినది. బీహారులోని పూసా పరిశోధనాలయమున హౌలెట్ అను శాస్త్రజ్ఞుడు 1912లో సిట్రొనెల్లా తైలమునకు మగ ఈగలు మూగుటను ప్రకటించి, 1915లో మిథైల్ యూజినాలునకు గల ఆకర్షణను కనుగొనెను. మన తులసియందును ఈ పదార్థము కలదు. బోనులో పడు ఈగల సంఖ్యను వారమునకొకమారు వ్రాసియుంచిన ఎర ఎప్పుడు చల్లవలయునో తెలియును. కాని బోనులు మగవానినే పట్టును; వానినే నమ్మి తక్కిన పనులు మానరాదు.

6. మందు మార్చుట: పేరు మార్చుట మందు మార్చుట కాదు. అంగడిలో సీసాలు పది రంగులలో నుండవచ్చును, లోపలి మూలమందు ఒకే జాతిది కావచ్చును. మాలాథియాన్, డైమిథోయేటు, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్ ఒక జాతివి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, ఫెన్‌వాలరేటు, లాంబ్డా సైహలోత్రిన్ వేఱొక జాతివి. స్పినోసాడ్ మఱియొక జాతిది. మాలాథియాన్ తరువాత డైమిథోయేటు చల్లిన రైతు మందు మార్చినవాడు కాడు. ఒక జాతిని ఈగ యొక తరము, అనగా సుమారొక మాసము వాడి, పై మాసమున వేఱు జాతికి మరలవలెను. ఏ దినమున ఏ జాతి చల్లితిమో పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ పైరునకు ప్రభుత్వము అనుమతించిన మందునే, సీసాపై వ్రాసిన కొలతకు మించకయు తగ్గకయు వాడి, కోతకు ముందు విడువవలసిన దినములను పాటింపవలెను.

7. కొంత చోటు విడుచుట: ఊరిలోని ప్రతి పాదుపైనను మందు చల్లరాదు. మందు తగులని చోట బ్రదికిన మామూలు ఈగలు తట్టుకొను ఈగలతో కలిసి ఆ గుణమును పలుచన చేయునని పైన చెప్పితిమి. గట్టున మాత్రమే ఎర చల్లు పద్ధతి ఇందుకును తోడ్పడును. అయితే అట్టి విడిచిన చోటను రాలినకాయలు ఏరక తప్పదు.

చేయకూడని పనులు

మోతాదును రెట్టింపు చేయరాదు. రెండు మూడు మందులను స్వబుద్ధితో కలుపరాదు. పంచాంగము చూచి వారము తప్పక చల్లుటకు మాఱుగా బోనులెక్క చూచి చల్లవలెను. ఒక మందు బాగుగా పనిచేసినదని ఫసలంతయు దానినే పట్టుకొనరాదు. బాగుగా పనిచేయు మందునే మిక్కిలి పొదుపుగ వాడవలెను.

కడపటి మాట

ఈగకు హద్దురాళ్లు లేవు. ఒక పట్టేదారుడు కాయలు పూడ్చి, ప్రక్కవాడు గట్టున పాఱవేసిన ఇద్దఱికిని నష్టమే. జపానులోని ఓకినావా ద్వీపములలో 1972 నుండి, సంతానము కలుగని మగ ఈగలను కోట్లకొలది వదలి, 1993 నాటికి తీగకూరల ఈగను నిర్మూలము చేసిరి. ఒక్క తోటలో గాక ద్వీపమంతట పని నడచుటచే అది సాధ్యమైనది. అంతటి సాధనము మన గ్రామమున లేకపోవచ్చును. కాని ఒక ఊరి రైతులందఱు కూడి, వారమునకు రెండు దినములు రాలినకాయలు పూడ్చుటకు నిర్ణయించుకొనుటయు, ఈ మాసము ఈ జాతి మందు, పై మాసము ఆ జాతి యని ఏర్పాటు చేసికొనుటయు కష్టసాధ్యములు కావు.

పనిచేయు మందులు మన చేతిలో కొన్నియే కలవు. ఒక్కొక్కటి వ్యర్థమైన దానికి బదులు క్రొత్తది దొరకుటకు అనేక సంవత్సరములు పట్టును, వెలయు హెచ్చును. చెఱువు నీటిని ఆయకట్టుదారులందఱు వంతులవారిగా పొదుపుగ వాడుకొనునట్లే, మందు శక్తిని కూడ ఊరివారందఱి ఉమ్మడి ఆస్తిగా నెంచి కాపాడుకొనవలయునని పట్టేదారులను కోరుచున్నాము.